గేటు కౌన్సిల్‌ది కాదు

“కౌన్సిల్ ఒప్పుకుంది. ఇక మిమ్మల్ని ఆపేవాడు లేడు, వెళ్లండి” అని ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడి చెప్పినవాణ్ణి నేనే. అలా చెప్పే హక్కు నాకు లేదు. అలా ఒప్పుకునే హక్కు కౌన్సిల్‌కీ లేదు. ఆ సంగతి కనుక్కునే వీలు నాకుంది, కనుక్కోలేదు. నా మాట నమ్మి గేటు దాటిన మనిషి పొద్దుగూకే లోపల చేతులకు బేడీలతో పోలీసు జీపులో కూర్చున్నాడు.

ఇన్నేళ్ల తర్వాత ఇది రాయడానికి కారణం మా వీధిలో ఉండే ఒక అమ్మాయి. కౌన్సిల్లో కొత్తగా ఉద్యోగంలో చేరింది. “తాతా, జిల్లా ఆఫీసూ కౌన్సిలూ రెండూ గవర్నమెంటే కదా లా. తేడా ఏటి?” అని మొన్న నవ్వుతూ, ఇక్కడివాళ్లందరిలా మాట చివర ‘లా’ తగిలించి అడిగింది. ఆ వయసులో నేనూ అలాగే అనుకున్నాను. అంతటితో ఆగక, తెలిసినట్టు పదిమందికీ చెప్పాను. ఆమెకు ఆ రోజు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇది.

అది ఇంగ్లీషువాళ్ల పాలనలో మలయాలో ఎమర్జెన్సీ పెట్టిన కాలం. అడవిలో ఉన్న కమ్యూనిస్టు గెరిల్లాలకు తిండి అందకూడదని, అడవి అంచున బతికేవాళ్లందరినీ తీసుకొచ్చి ముళ్లకంచెల లోపల కొత్త గ్రామాలు కట్టించారు. సుంగై సుమున్‌కీ హుటాన్ మెలింటాంగ్‌కీ మధ్య అలాంటిదొకటి ఉండేది. చీనా కుటుంబాలే ఎక్కువ. ఒక చివర మాత్రం, దగ్గర్లోని చిన్న రబ్బరు ఎస్టేటు నుంచి తరలించిన మన తెలుగువాళ్లకు వరసగా కట్టిన లైను ఇళ్లు. ఊరికంతటికీ ఒకటే గేటు. ఆ గేటు దాటి గుప్పెడు అన్నం కూడా బయటికి పోకూడదు. రబ్బరు పాలు తీసేవాళ్లు మధ్యాహ్నం దాకా నీళ్లతోనే ఉండి, లోపలికొచ్చి తినేవాళ్లు.

మా నాన్న ఎస్టేటు కిరాణీ, అంటే లెక్కలు రాసే గుమాస్తా. నేనూ జిల్లా కచేరీలో గుమాస్తానే. ఇంగ్లీషు, మలాయ్, తమిళం, తెలుగు వచ్చు కాబట్టి నన్ను ఆ గ్రామానికి దుబాసీగా వేశారు. గ్రామానికి అప్పుడే ఒక కౌన్సిల్‌ని ఇచ్చారు. ఊరివాళ్లే చేతులెత్తి సభ్యుల్ని ఎన్నుకున్నారు. అధ్యక్షుడు ఎండుచేపల దుకాణం నడిపే చీనా పెద్దమనిషి. షావుకారు అన్న అర్థంలో అందరూ టౌకే అనేవాళ్లు.

కౌన్సిల్ మొదటి సమావేశానికి జిల్లా అధికారి, ఇంగ్లీషు దొర, స్వయంగా వచ్చి మాట్లాడాడు. ఆయన మాటలు వాక్యం వాక్యం నేను తర్జుమా చేశాను. ఒకచోట ఆయన తన సొంత ఊరి కబురు ఎత్తుకున్నాడు. “మా దేశంలో జిల్లాను షైర్ అంటారు. షైర్ అంటే నేల. రాజులు మారినా అది అక్కడే ఉంటుంది. కౌన్సిల్ అంటే ఆ నేల మీద ఉన్నవాళ్లు ఎన్నుకున్న మనుషులు. చట్టం ఏ పనులు అప్పగిస్తే అంతవరకే వాళ్ల చేయి. ఇక్కడా అంతే. కాలవలు, దీపాలు, బజారు, ఊరి లోపలి రోడ్లు మీవి. కంచె, గేటు, తిండి నిబంధనలు జిల్లావి. ఈ రెంటినీ ఎప్పుడూ కలపకండి” అన్నాడు.

ఆయన చాలాసేపు చెప్పాడు. ఎండ మండుతోంది, జనం కదులుతున్నారు, నాకూ విసుగొచ్చింది. “సర్కారు ఇప్పుడు మీ గుమ్మంలోకి వచ్చిందని దొరగారు అంటున్నారు” అని మూడు భాషల్లో ముగించేశాను. జనం చప్పట్లు కొట్టారు. అంత పొడుగు మాటకు అంత చిన్న తర్జుమా ఏమిటా అని దొర నావైపు చూశాడు గానీ, చప్పట్లు విని ఊరుకున్నాడు.

కొన్ని నెలలకు లైను ఇళ్లలో పిల్లలకు అమ్మవారు పోసింది. ఒకరోజు రబ్బరు పాలు తీసే పనివాడొకడు కౌన్సిల్ షెడ్డుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి. అమ్మోరి పండగలో పొలి పట్టేది ఆయనే. ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కూలీ. ఈయన మాత్రం ఇక్కడే లైను ఇంట్లో పుట్టాడు. నాకంటే రెట్టింపు వయసు, అయినా నేను “ఏమోయ్” అనే పిలిచేవాణ్ణి. కిరాణీ కొడుకులం, మాకలాగే అలవాటు.

“బాబూ, నాలుగిల్లల్లో పిల్లలు మంచం పట్టీసినారు. అమ్మోర్ని సాగనంపాల. పొలి తీసుకెల్లి పొలిమేర అవతల సల్లాల. గేటు దాటనిస్తారేటి?”

మీలో చాలామంది ఇది చూసి ఉండరు. పసుపు, వేపాకు, బలిచ్చిన కోడి రక్తం కలిపిన అన్నాన్ని పొలి అంటారు. దాన్ని తట్టలో పెట్టుకుని ఒక్క మనిషే ఊరి పొలిమేర దాటి, పెద్దగా కేకలేస్తూ చల్లి, వెనక్కి చూడకుండా వస్తాడు. మిగతావాళ్లంతా పొలిమేర లోపలే ఆగిపోవాలి.

“ఎందుకు దాటనివ్వరు? కౌన్సిల్లో పెట్టి ఒప్పిస్తాను” అన్నాను.

“కవున్సిలంటే దొరగారేనా బాబూ?”

“దొరగారి చెయ్యే అనుకో.”

నేను కౌన్సిల్లో ఆ సంగతి ఎత్తగానే టౌకే ముఖం చిట్లించాడు. ఆయన మలాయ్, తమిళం కలిపి మాట్లాడేవాడు.

“కెరానీ, ఊళ్లో డప్పు కొట్టుకుంటామంటే సరే. గేటు మన పనా?”

“అంతా ఒకటే గవర్నమెంటు లా, టౌకే.”

“నిజంగా?”

“నేను జిల్లా కచేరీ మనిషినే కదా. నాకు తెలీదా?”

ఆయన ఇంకో క్షణం నన్ను చూసి చెయ్యెత్తాడు. ఆయన ఎత్తాడని మిగతావాళ్లూ ఎత్తారు.

పోలీసు పోస్టులో ఫోనుంది. జిల్లా కచేరీకి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చేస్తే నాకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. పైగా అటునుంచి కుదరదంటే, లైను ఇళ్లకు వెళ్లి నా వల్ల కాలేదని చెప్పాలి. “మన బాబు చేయించాడు” అని జనం అనుకోవడం నాకు కావాలి. అందుకే చెయ్యలేదు.

పండగ రోజు సాయంత్రం డప్పులతో జనమంతా గేటు దాకా వచ్చారు. నేను తెల్ల ప్యాంటు వేసుకుని, రక్తపు వాసనకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ముందు నిలబడ్డాను. గేటు దగ్గర కాపలా ఉన్నది ఊరి చీనా హోంగార్డే. తట్టలో అన్నం చూసి సందేహించాడు. “కౌన్సిల్ ఆర్డరు” అన్నాను. గేటు తీశాడు. నేను ఆ పెద్దమనిషి వైపు తిరిగి, మొదట్లో రాసిన ఆ మాట అన్నాను.

ఆయన తల మీద తట్టతో ఒక్కడే వెళ్లాడు. రోడ్డు దాటి, రబ్బరు చెట్లు అయిపోయి అడవి మొదలయ్యే చోట నిలబడి గొంతెత్తి కేకేసి అన్నం విసిరాడు. సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి పోలీసు జీపు వచ్చింది. వాళ్ల కళ్లతో చూడండి. ఎమర్జెన్సీలో, పొద్దు వాలే వేళ, ఒక మనిషి అడవిలోకి అన్నం విసురుతూ ఎవరినో పిలుస్తున్నాడు.

వాళ్లు కాల్చలేదు. ఆ జీపులో ఉన్న మలాయ్ కార్పొరల్‌కు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. “దొంగతనంగా అన్నం పెట్టేవాడు అంత గట్టిగా అరవడు కదా. అందుకే ఆగాను” అని తర్వాతెప్పుడో చెప్పాడు.

బేడీలు వేసి ఆయన్ను గేటు దగ్గరికి తెచ్చారు. కార్పొరల్ నన్ను చూసి, “నువ్వు దుబాసీవి కదా, అడుగు. బయటికి వెళ్లమని ఎవరు చెప్పారు?” అన్నాడు. నేను తెలుగులో అడిగాను. ఆయన నన్ను చూశాడు, తర్వాత నేలను చూశాడు.

“ఎవురూ సెప్పనేదు బాబూ. నానే ఎల్లినాను.”

ఆ మాటను మలాయ్‌లోకి తర్జుమా చేశాను. తప్పు లేకుండా, ఒక్క ముక్క పోకుండా చేశాను. గేటు దగ్గరున్న హోంగార్డు నా ముఖం చూసి తన బూట్లు చూసుకున్నాడు. జీపు వెళ్లిపోయింది.

కాసేపటికి ఆయన భార్య కౌన్సిల్ షెడ్డు మెట్ల దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు.

“ఏటి బాబూ, ఆడు ఎవురి మాట మీద ఎల్లినాడో నీకు తెల్దేటి?”

“తెలుసమ్మా.”

“తెలిసీ ఆడి మాట మలాయిలో సక్కగా సెప్పినావు. మీ నాయన నీకు మంచి సదువే సెప్పించినాడు.”

నేను మెట్లు దిగి నిలబడ్డాను. ఆమె ఆగలేదు.

“ఇలాటోల్లని ఓడెక్కించీస్తారంట కదా. ఆడు ఈడే పుట్టినాడు, ఈడే పెరిగినాడు. ఏ ఊరు పంపుతారు? ఓడ దిగినాక ఎటేపు నడవాలో ఆడికేటి తెలుస్తాది?”

అడవికి సాయం చేశాడన్న అనుమానం మీద పట్టుబడినవాళ్లను జైల్లో పెట్టడమో, మనవాళ్లయితే ఇండియాకు పంపేయడమో అప్పట్లో జరిగేది. ఆమె భయం ఉత్తది కాదు.

“ఆయన నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా?” అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“నీ మీద పేమనుకున్నావేటి? నీ కొలువు పోతే కచేరీలో మనకి మాటాడీ నోరుండదని ఆడి బయం. ఎర్రోడు. ఆ నోరు ఎలాటిదో ఇప్పుడు సూసినాం లా.”

“రేపు దొర దగ్గరికి వెళ్తాను.”

“నానూ వత్తాను. నువ్వేటి సెప్తావో నా సెవులతో ఇంటాను.”

తెల్లారగానే టౌకే దుకాణానికి వెళ్లాను. ఆయన చేపలు ఏరుతున్నాడు. జరిగింది చెప్పాను.

“ఒకటే గవర్నమెంటు అన్నావు కదా” అన్నాడు.

“తప్పు చెప్పాను టౌకే.”

ఆయన తిట్టలేదు. చేతులు కడుక్కుని, దుకాణం తలుపులు వేయించి, కౌన్సిల్ సభ్యులందరినీ పిలిపించాడు. చేపలు వేసుకెళ్లే లారీలోనే అందరం జిల్లా కచేరీకి బయల్దేరాం. ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చినవాళ్లంతా దిగేసరికి ఎండుచేపల కంపు కొడుతున్నారు. ఆమె లారీలో ఒక మూల కూర్చుంది. దిగేటప్పుడు టౌకే చెయ్యి అందిస్తే పట్టుకుంది, నాది పట్టుకోలేదు.

దొర గదిలోకి అందరం ఇరుక్కుని నిలబడ్డాం. ఆయన కిటికీ తీయించాడు. టౌకే మాట్లాడుతుంటే నేను ఇంగ్లీషులో చెప్పసాగాను.

“పండగకి ఒప్పుకుని చేతులెత్తింది కౌన్సిల్. పట్టుకోవాలంటే మమ్మల్ని పట్టుకోండి.”

“గేటు మీద మీ కౌన్సిల్‌కు ఏ అధికారమూ లేదు” అన్నాడు దొర.

“లేదని ఇవాళ తెలిసింది. మొన్న ఉందనుకున్నాం. ఆ మనిషి మా చేతుల్ని నమ్ముకుని వెళ్లాడు. మాకు తెలియకపోవడం ఆయన నేరం కాదు కదా.”

అక్కడ ఆగిపోవచ్చు. టౌకే నా పేరు ఎత్తలేదు, ఎత్తే ఉద్దేశం ఉన్నట్టూ లేదు. తప్పంతా తెలియని చీనా వ్యాపారిదీ తెలియని కూలీదీ అయిపోయేది, అందరి భాషలూ తెలిసిన నేను మధ్యలో శుభ్రంగా మిగిలేవాణ్ణి. ముందురోజు గేటు దగ్గర అలాగే మిగిలాను. ఆ గది గోడకు ఆనుకుని ఆమె నన్నే చూస్తోంది. ఇంగ్లీషు ఆమెకు ఒక్క ముక్క రాదు. అయినా నేను ఏం చేయబోతున్నానో ఆమెకు తెలుస్తుందనిపించింది.

“అయ్యా, ఇక తర్జుమా కాదు, నా మాట” అన్నాను. కౌన్సిల్ అడిగితే ఒకటే గవర్నమెంటని చెప్పింది నేనని, గేటు తీయించింది నేనని, కార్పొరల్ అడిగినప్పుడు నోరు మూసుకున్నది నేనని చెప్పాను.

దొర కలం పక్కన పెట్టాడు. తర్వాత, “మొదటి రోజు నేను షైర్ గురించి చెప్పాను. దాన్ని ఏమని తర్జుమా చేశావు?” అని అడిగాడు.

చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. టోపీ తీసి బల్ల మీద పెట్టి, “అంత చప్పట్లు వచ్చినప్పుడే అనుమానం వచ్చింది. షైర్ గురించి నేను మాట్లాడితే మా ఊళ్లో కూడా ఎవరూ చప్పట్లు కొట్టరు” అన్నాడు. వెంటనే గొంతు మార్చాడు. “ఇప్పుడు నాకు చెప్పిందంతా ఆమెకు ఆమె భాషలో చెప్పు. ఈసారి కుదించకు.”

ఉద్యోగంలో నేను చేసిన కష్టమైన తర్జుమా అదొక్కటే. ఆ గదిలో అందరి ముందూ ఆమె వైపు తిరిగి, తెలుగులో, మొదటినుంచి చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. అయ్యాక, “ఈ మాట నిన్న సెప్పుంటే ఆడు రాత్రి ఇంట్లో తొంగుండీవోడు” అంది. అంతే.

దొర ఒక్కడే విడిచిపెట్టలేడు. పోలీసులతో, సైన్యంతో కలిసి కూర్చునే జిల్లా కమిటీ ఒకటుంది. ఆయన అక్కడికి నడిచి వెళ్లాడు. మేమంతా వరండాలో కూర్చున్నాం. పట్టుకున్న అన్నం తట్టను పోలీసులు సాక్ష్యంగా అదే వరండా చివర పెట్టారు. లోపల పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదట. కాకులు చుట్టూ చేరుతుంటే ఒక పోలీసు కర్రతో తోలుతూ నిలబడ్డాడు. టౌకే దాన్ని చూసి, “ఇది తిని గెరిల్లాలు యుద్ధం చేస్తారా?” అన్నాడు. ఆ రోజు నవ్విన నవ్వు అదొక్కటే. ఆమె కూడా నవ్వింది.

మధ్యాహ్నానికి నిర్ణయం వచ్చింది. ఆయన మీద కేసు లేదు, ఓడ లేదు. కానీ వారానికొకసారి, ఆదివారం, హుటాన్ మెలింటాంగ్ దారిలో ఉన్న పోలీసు స్టేషనుకు వెళ్లి కనిపించాలి. ఆంక్షలు ఎత్తేసేదాకా అంతే. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. దొర, “నువ్వు తప్పు నేర్పిన ఊళ్లోనే ఉండు. సరిగ్గా నేర్పు” అని పంపేశాడు. అది శిక్షో దయో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు దయే అంటాను. టౌకే నన్ను ఒక్క మాటతో ముంచగలిగి ఉండి ముంచలేదు. ఆయన కౌన్సిల్లో తర్వాత నేను పనిచేసిన ఏళ్లన్నీ ఆయన పెట్టిన భిక్షే.

తర్వాతి వారం కౌన్సిల్ షెడ్డు ముందు అందరినీ కూర్చోబెట్టి దొర మొదటి రోజు చెప్పినదంతా మూడు భాషల్లో పూర్తిగా చెప్పాను. ఏది కౌన్సిల్‌ది, ఏది జిల్లాది, ఏది ఎవరిని అడగాలి, నేను ఏం తప్పు చెప్పాను అన్నీ. ఈసారి చప్పట్లు కొట్టినవాడు లేడు. ప్రశ్నలు మాత్రం చాలా వచ్చాయి.

ఆదివారం సంగతి మిగిలింది. స్టేషను దూరం. బస్సు కోసం నిలబడితే ఆయనకు రోజంతా పోతుంది. మొదటి ఆదివారం నా సైకిలు తీసుకుని లైను ఇంటి ముందు ఆగాను.

“ఎక్కు మావయ్యా” అన్నాను. ఆ పిలుపు నోటికి రావడానికి దారంతా సాధన చేసుకుంటూ వచ్చాను.

ఆయన తెల్లబోయాడు. “నువ్వు తొక్కడవేటి, నాను కూకోడవేటి బాబూ? జనం నవ్వుతారు.”

“నవ్వనీ.”

నవ్వారు. కిరాణీ కొడుకు కూలివాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని చెమటలు కక్కుతూ తొక్కుతుంటే రోడ్డు పక్క కాఫీ దుకాణాల్లోవాళ్లు లేచి నిలబడి చూశారు. ఆయన భార్య గుమ్మంలోంచి, “బద్రం, ఈపాలి ఎక్కడ పడేత్తాడో” అని అరిచింది. ఎండైనా వానైనా ఏ ఆదివారమూ మానలేదు. దారిలో ఆయన నన్ను ప్రశ్నలతో చంపేవాడు.

“బాబూ, దోమ కాలవలో పుడతాది, అప్పుడు కవున్సిల్ది. మరి కంచె దాటి ఎగిరిపోతే జిల్లాదేనా?”

తెలిసినవాటికి జవాబు చెప్పేవాణ్ణి. తెలియనివి ఉంచుకుని జిల్లా కచేరీలో అడిగి మరుసటి ఆదివారం చెప్పేవాణ్ణి. పిల్లలకు తగ్గిపోయింది. పొలి ఆ ఏడాది అడవి మొదట్లో పడింది కాబట్టే తగ్గిందని ఆయన గట్టిగా నమ్మేవాడు. నేను వాదించలేదు.

మెర్డెకా, అంటే దేశానికి స్వాతంత్ర్యం, వచ్చింది. కొన్నాళ్లకు మా ప్రాంతంలో ఆంక్షలు ఎత్తేశారు. స్టేషన్లో అదే కార్పొరల్, ఇప్పుడు సార్జెంటు, “ఇక రానక్కర్లేదు” అని ఆయనకు చెయ్యి కలిపాడు.

మరుసటి ఆదివారం అలవాటు కొద్దీ సైకిలు తీసుకుని వెళ్లాను. ఆయనా చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఒకర్నొకరు చూసి నవ్వుకున్నాం. ఎక్కించుకుని బయల్దేరాను. స్టేషను దగ్గర ఆగకుండా దాటేశాను. ఆయన వెనకనుంచి నా భుజం తట్టాడు. హుటాన్ మెలింటాంగ్ దాకా తొక్కాను. పడవల రేవు దగ్గర దిగాం. అక్కడినుంచి నది వెడల్పై సముద్రం వైపు పోతుంది. పుట్టినప్పటినుంచీ ఈ దేశంలోనే బతికి, వాళ్ల నాన్న ఏ నీళ్ల మీద వచ్చాడో ఆ నీళ్ల దగ్గరికి ఆయన ఎప్పుడూ రాలేదట. ఎస్టేటు, లైను ఇల్లు, కంచె, అంతే.

ఆయన గట్టు మీద కూర్చుని పడవలు చూస్తూ అడిగాడు. “ఈ పడవలోల్లకి ఏటన్నా ఇబ్బందొస్తే ఎవురికాడికి ఎల్తారు బాబూ?”

“నాకు తెలీదు మావయ్యా” అన్నాను.

మర్నాడు కనుక్కుని, మరుసటి ఆదివారం వెళ్లి చెప్పాను.